పదహారు మిల్లీసెకన్లు

చిత్తూరు కోర్టు గోడ పక్కన
జిరాక్సు అంగడికీ టీ బంకుకీ నడాన
నా బల్ల, నా డెస్క్‌టాపు, పన్నెండేండ్ల కీబోర్డు.
పొల్లు కొట్టే మీట మీద గుర్తు ఎప్పుడో చెరిగింది.
వేలికి తెలుసు.

మూడోసారి మిషను కాలినప్పుడు
దస్తగిరి వచ్చి దాని పొట్ట విప్పినాడు.
రేకు డబ్బాను బయటికి లాగి
అరచేతిలో రెండుసార్లు ఎగరేసినాడు.
వాళ్ళ నాయన బెల్లం మండీలో హమాలీ.
దిమ్మెను చేతికి తీసుకుంటే చాలు, తడి ఎంతో చెప్పేవాడంట.
"అక్కా, దీని మింద నాలుగొందల యాభై వాట్లని రాసుండారు.
ఇంత తేలిగ్గా ఉంటే రెండొందలు గూడా రావు.
లోపల రాగి లేదు. రాత ఉండాది."

రాత మింద బతికేదాన్ని.
నాకు నవ్వు రాలేదు.

కొత్తది తెచ్చినాడు. గిన్నెడు రుబ్బినపిండంత బరువు.
పసుపు తీగలో పన్నెండు ఓల్టులు, ఎరుపులో అయిదు,
నారింజలో మూడూ చిల్లర.
నూటికి అయిదు అటో ఇటో పోవచ్చు, అంతకు మించితే తప్పు.
ఎవురు పెట్టినారు ఈ కట్టుబాటు అంటే
"ఎవురో కూర్చోని రాసినారక్కా. అందురూ ఒప్పుకున్న్యారు" అన్నాడు.
వాయిదాల నీడలో కూడు తినే నాకు
అందరూ ఒక మాట మింద నిలబడడం వింతగా తోచింది.

"ఒక జెమ్ క్లిప్పు ఇయ్యి."
వకాలత్ కట్టలో నుంచి పీకి ఇచ్చినా.
దాన్ని వంచి, పచ్చ తీగనూ నల్ల తీగనూ కలిపితే
ఏ మిషనుకూ తగిలించకుండానే ఫ్యాను తిరిగింది.
ఊదా తీగ మాత్రం పడుకోదంట.
మిషను ఆపేసినా, గోడ స్విచ్చి వేసుంటే చాలు,
పిలిస్తే పలికేదానికి
రవ్వంత కరెంటు పట్టుకోని మేలుకోనుంటుందంట.

నన్ను ఆపింది బూడిదరంగు తీగ.
ఓల్టులన్నీ చూసి, సరిగ్గా ఉంటేనే
"బాగుండాం, మొదులుపెట్టు" అని చెప్పాల్సింది అది.
పాత డబ్బాలో దాన్ని లోపలే ఎర్ర తీగకు అతికించేసినారు.
ఏమీ చూడదు. ఏమీ కొలవదు.
కూలిపోతా ఉన్నా "బాగుండాం" అంటుంది.
బజార్లో ఎవరు ఎదురైనా నేను అనే మాటే.

దస్తగిరి తలెత్తలేదు. స్క్రూ బిగిస్తా చెప్పినాడు:
కరెంటు పోయినాక యూపీయస్ అందుకునేదానికి
ఆరో, ఎనిమిదో, పదో మిల్లీసెకన్లు.
ఆ సందులో ఎవురూ ఉండరు.
డబ్బాలోని లావు కెపాసిటరే దమ్ము బిగబట్టి మోయాల.
పదహారు దాకా మోయాలని కట్టుబాటు.
రెప్ప వేసే లోపల అట్లాంటి పదహార్లు ఆరేడు పడతాయి.
కొలిచి రాసినోళ్ళకు ఎంత ఓపికో.

జూన్ నెల. మామిడి ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందర
రాత్రంతా బారు తీరి ఉన్న వారం.
గుడిపాల నుంచి కుప్పమ్మ వచ్చింది,
మొగుడి పేరు మీది ముప్పై సెంట్లకు అర్జీ.
"సదరు భూమిని నేనే దున్ని" దగ్గర కరెంటు పోయింది.
పక్కన జిరాక్సు మూలిగి ఆగింది. ఫ్యాను ఆగింది.
టీ బంకులో ఎవరో బూతు తిట్టినారు.
తెర ఒక్కసారి ఉలిక్కిపడి
నిలబడింది.

బల్ల కింద కీచు కీచుమని యూపీయస్.
పది నిమిషాలు, నమ్మితే ఎనిమిది.
"నా అనుభవములో ఉన్నది" దాకా కొట్టి, సేవ్ చేసి, ఆపేసినా.
ప్రింటరును దానికి తగిలించకూడదు, ఒక్క గుటకలో తాగేస్తుంది.
కరెంటు వస్తేనే కాగితం.

కుప్పమ్మ నల్లటి తెర వైపు చూసింది.
"పోయిందా మ్మే?"
"లేదు, ఉండాది."
"యాడ?"

చూపించేదానికి ఏమీ లేదు.
ఆమె చెయ్యి పట్టుకోని, వంగి
డబ్బా మింద పెట్టినా.
ఇంకా వెచ్చగా ఉండాది.